తన ఇంటి ఎదుటి గోడ

నవంబరు 19

చదవవలసిన భాగం: నెహెమ్యా 1:1–11; 3:1–32; 5:14–19
ధ్యాన వచనం: నెహెమ్యా 5:19

దివిసీమలో నవంబరు 19 అంటే ఏమిటో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. 1977లో ఆ రోజు శనివారం. కార్తికమాసం, వరి కోతకు దగ్గరపడుతున్న కాలం. చీరాల వైపు తీరం దాటిన తుఫాను సముద్రాన్ని దివిసీమ మీదికి తోసింది. ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన లంకలనూ పల్లెలనూ ముంచేసింది. పదివేల మందికి పైగా చనిపోయారు. నాగాయలంక దిగువన సొర్లగొంది, కోడూరు వైపు పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఏడవడానికైనా మనిషి మిగలని ఇళ్లున్నాయి. చెట్టుకొమ్మ పట్టుకొని రాత్రంతా ఉన్నవాళ్లు తెల్లారి కిందికి దిగితే, దిగడానికి ఊరు లేదు. చుట్టూ ఉప్పునీరు, కొట్టుకొచ్చిన పశువుల కళేబరాలు, తేలుతున్న పూరికప్పులు.

ఈ తీరానికి అది మొదటి దెబ్బ కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులోనూ చుట్టుపక్కలా 30,000 మందిని తీసుకుపోయిందని మన పెద్దలు చదువుకున్నారు. సముద్రం పక్కన బతికేవాళ్లకు నవంబరు నెల ఎప్పుడూ కొంచెం బరువుగానే వస్తుంది.

పోయినవారిని ఈ రోజు మన ప్రార్థనల్లో తలచుకుంటాం. వారితో పాటు, మిగిలినవారి పక్షాన నిలబడిన ఒక సేవకుణ్ణి కూడా దేవుని సన్నిధిలో తలచుకుందాం. ఆయన మండలి వెంకట కృష్ణారావు గారు. 1926 ఆగస్టు 4న కైకలూరు దగ్గర పల్లెవాడలో పుట్టారు, 1997 సెప్టెంబరు 27న కన్నుమూశారు. స్వాతంత్ర్యం కోసం దేశమంతా కదిలిన రోజుల్లో యౌవనంలోకి వచ్చిన తరం ఆయనది. గాంధీజీ మార్గాన్ని పట్టుకొని చివరిదాకా విడవలేదు. 1957లో బందరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1972, 1978, 1983 ఎన్నికల్లో అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్లారు. రాష్ట్రానికి విద్యా, సాంస్కృతిక శాఖల మంత్రిగా పనిచేశారు. ఇన్ని పదవులు చేసిన మనిషిని ఇక్కడి జనం పదవి పేరుతో గుర్తుపెట్టుకోలేదు. 'దివిసీమ గాంధీ' అన్నారు.

ఆయన మన సంఘ సభ్యులు కారు. అయినా ఈ పేజీలో ఆయనను తలచుకోవడానికి సంకోచించనక్కర్లేదు. దారిలో పడి ఉన్న మనిషి దగ్గర ఆగిన సమరయుణ్ణి చూపించి, నీవూ అలాగే చేయమని ప్రభువు ధర్మశాస్త్ర ఉపదేశకునితో చెప్పాడు. యెరూషలేము గుమ్మాలకు కావలసిన మ్రానులు పారసీక రాజు అడవి నుంచే వచ్చాయి. మేలు ఎవరి చేతి మీదుగా వచ్చినా, దాని మూలం ఎక్కడుందో మనకు తెలుసు. ఆ మేలుకు కృతజ్ఞత చెప్పడం మన విశ్వాసంలో భాగం.

విన్నప్పుడు ఏం చేశాడు?

నెహెమ్యా గ్రంథం ఒక వార్తతో మొదలవుతుంది. కిస్లేవు నెల, అంటే ఇంచుమించు మన నవంబరు, డిసెంబరు. నెహెమ్యా షూషను కోటలో ఉన్నాడు. రాజుకు పానపాత్ర అందించే నమ్మకమైన ఉద్యోగం. సొంత ఊరి నుంచి సహోదరుడు హనానీ వచ్చి, చెర నుంచి తప్పించుకొని మిగిలినవాళ్లు ఎంత శ్రమలో ఉన్నారో, గోడ ఎలా కూలిందో, గుమ్మాలు ఎలా కాలిపోయాయో చెప్పాడు. ఆ మాట వినగానే నెహెమ్యా కూర్చుండిపోయాడు, ఏడ్చాడు, కొన్ని దినాలు ఉపవాసముండి ప్రార్థించాడు.

ఆ వార్త ఆయన ఇంటి గుమ్మాన్ని తాకలేదు. ఆయన తినే అన్నానికి లోటు రాలేదు. 'అయ్యో పాపం' అనేసి రాజు బల్ల దగ్గరికి వెళ్లిపోయి ఉండవచ్చు. కానీ ఆయన ప్రార్థన చదివి చూడండి. 'వాళ్లు' అనే మాటతో ఆగడు. తనను, తన తండ్రి ఇంటివారిని కూడా ఆ ప్రజల పాపంలో, ఆ ప్రజల నొప్పిలో కలుపుకొని మాట్లాడతాడు. సేవ అక్కడ మొదలైంది. గోడ కట్టడానికి రాళ్లు తెచ్చుకోక ముందే, ఆ ప్రజల దుఃఖాన్ని ఆయన తన ఇంటి దుఃఖంగా తెచ్చుకున్నాడు.

ఉప్పెన వచ్చేనాటికి కృష్ణారావు గారు అవనిగడ్డ శాసనసభ్యులు. వయసు యాభై ఒకటి. పోయినవాళ్లు ఆయన నియోజకవర్గపు ప్రజలు. పల్లెకారులు, వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు. సహాయ పునరావాస పనుల్లో ఆయన వాళ్ల కోసం పడ్డ శ్రమను దివిసీమ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఊరు మునిగినప్పుడు నాయకుడి నుంచి జనం మొదట కోరేది గొప్ప మాటలు కాదు. తమతో పాటు ఆ బురదలో నిలబడి, ఎవరు మిగిలారని పేరుపేరునా అడిగే మనిషి కావాలి. శవాలకు కర్మ జరగాలి, మిగిలినవాళ్లకు తాగే నీళ్లు కావాలి, అనాథలైన పిల్లలకు ఒక కప్పు కావాలి, చవుడు తేలిన పొలంలో మళ్లీ నారు పోయాలి. ఇవన్నీ నెలలూ ఏళ్లూ పట్టే పనులు. పత్రికల వాళ్లు వెళ్లిపోయిన తరువాత కూడా ఊళ్లో మిగిలి ఉండవలసిన పనులు.

పేర్ల పట్టికలో దేవుని మాట

నెహెమ్యా మూడో అధ్యాయాన్ని చాలామంది గబగబా దాటేస్తారు. ముప్పై రెండు వచనాల నిండా పేర్లే. ఫలానావాడు ఈ గుమ్మం కట్టాడు, అతని పక్కన ఫలానావాడు ఆ భాగం బాగుచేశాడు. ఈ రోజు మాత్రం ఆ అధ్యాయాన్ని నెమ్మదిగా, పైకి చదవండి. అక్కడ యాజకులున్నారు, కంసాలి ఉజ్జీయేలు ఉన్నాడు, సుగంధద్రవ్యాలు చేసే హనన్యా ఉన్నాడు, వర్తకులున్నారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి పనిచేశాడు. ఆ ఆడపిల్లలను లేఖనం మరువలేదు. తెకోవ ఊరివాళ్లు పనిచేస్తే, వాళ్ల పెద్దలు మాత్రం మెడ వంచలేదని కూడా లేఖనం రాసిపెట్టింది. చాలామంది గురించి మళ్లీ మళ్లీ ఒకే సంగతి కనిపిస్తుంది. ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వాళ్లు బాగుచేశారు.

1977 తరువాత దివిసీమ గోడ కూడా అలాగే లేచింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేశారు. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టించింది. నాగాయలంక మండలంలో దీనదయాళ్‌పురం ఆర్‌ఎస్‌ఎస్ కార్యకర్తల చేతుల మీద లేచిన ఊరు. క్రైస్తవ సేవాసంస్థలు బియ్యం, బట్టలు, మందులు తెచ్చాయి. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లే తట్టలెత్తి మట్టి మోశారు. వీళ్లంతా ఒకే గుడికి వెళ్లేవాళ్లు కారు, ఒకే జెండా కింద నడిచేవాళ్లూ కారు. అయినా ఒకరు పెట్టిన రాయి పక్కన మరొకరు రాయి పెట్టారు.

ఆ గోడ నిలిచిందా? 1990 మే 9న మరో పెనుతుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే తీరం దాటింది. ఈసారి ముందే హెచ్చరిక అందింది. 6 లక్షల మందికి పైగా జనాన్ని సురక్షిత స్థలాలకు తరలించారు. మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఒక్క ప్రాణం పోయినా అది ఒక కుటుంబానికి సర్వస్వమే. అయినా పదమూడేళ్ల కిందటి చావులతో పోల్చి చూస్తే, ఆ మధ్య కాలంలో పేరు తెలియని ఎందరి పని ఎన్ని ప్రాణాలను కాపాడిందో అర్థమవుతుంది. పోయినవారిని తలచుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? ఈ తీరం వారి జ్ఞాపకాన్ని కాంక్రీటు గోడలుగా, హెచ్చరిక కేంద్రాలుగా, తరలింపు పడవలుగా మార్చుకుంది.

అధికారి తినని ఆహారం

ఇప్పుడు ఐదో అధ్యాయానికి రండి. గోడ పని సాగుతుండగానే ఊళ్లో ఏడుపు వినిపించింది. శత్రువుల వల్ల వచ్చిన ఏడుపు కాదు. కరవులో గింజల కోసం పొలాలూ ఇళ్లూ తాకట్టు పెట్టినవాళ్లు, పిల్లలను దాస్యానికి అప్పగించినవాళ్లు పెట్టిన మొర. అప్పిచ్చినవాళ్లు కూడా సొంత సహోదరులే. నెహెమ్యాకు మిక్కిలి కోపం వచ్చింది. సమాజం కూర్చి, తాకట్టులు విడిపించి, వడ్డీలు వదిలించాడు.

ఆ తరువాత ఆయన తన గురించి నాలుగు మాటలు చెప్పుకొన్నాడు. పన్నెండేళ్లు అధికారిగా ఉండి, అధికారికి రావలసిన ఆహారపు భత్యాన్ని ముట్టలేదు. అంతకు ముందున్న అధికారులు జనం దగ్గర రొట్టె, ద్రాక్షారసం, వాటి మీద నలభై తులాల వెండి పుచ్చుకునేవారు. దేవుని భయం వల్ల ఆయన అలా చేయలేదు. గోడ పనిలో తానూ చెయ్యి వేశాడు. భూమి కొనలేదు. పైగా నూట యాభై మందికి తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు.

'భూమి కొనలేదు' అన్న మాట దగ్గర దివిసీమవాళ్లు ఆగాలి. కష్టకాలంలో భూమి చవగ్గా దొరుకుతుంది. తుఫాను కొట్టిపోయిన రైతు, అప్పు మీద పడ్డ రైతు, కూతురి పెళ్లి ముందున్న రైతు చెప్పిన ధరకు ఇచ్చేస్తాడు. అధికారం చేతిలో ఉన్నవాడికి ఏ భూమి ఎప్పుడు అమ్ముడుపోతుందో ముందే తెలుస్తుంది. అందుకే ఆపదకాలం పదవిలో ఉన్నవారికి అన్నిటికంటే పెద్ద శోధన. దానిని జయించేది చట్టం మాత్రమే కాదు. నెహెమ్యా తన కారణాన్ని దాచలేదు. దేవుని భయమే తనను పట్టి ఉంచింది.

కృష్ణారావు గారు పట్టుకున్నది గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వం. ఉన్నది నాది కాదు, నా దగ్గర ఉంచారు అనే నమ్మకం. ఖద్దరు కట్టుకొని, పదవిని జనం అప్పగించిన బాధ్యతగా చూసిన మనిషిగా ఆయనను ఈ ప్రాంతం గుర్తుపెట్టుకుంది. 1983లో తెలుగుదేశం గాలి రాష్ట్రమంతటా వీచినప్పుడు కూడా అవనిగడ్డ ఓటర్లు ఆయననే గెలిపించారు. ఐదేళ్లకోసారి లెక్క అడిగే ప్రజలు, ఉప్పెన తరువాత తమ పక్కన నిలబడ్డదెవరో మరిచిపోలేదు.

మన సంఘాల్లో పాస్టర్లు, పెద్దలు, కోశాధికారులు, స్కూళ్లు నడిపేవారు ఈ అధ్యాయాన్ని మోకాళ్ల మీద చదవాలి. సహాయానికి వచ్చిన బియ్యం బస్తా ఎవరి ఇంటికి వెళ్లింది? విధవరాలి పేరు మీద వచ్చిన సొమ్ము విధవరాలికి చేరిందా? దేవుడు ఈ ప్రశ్నలు మనల్ని అడుగుతాడు. ఆ రోజు తడబడకుండా జవాబు చెప్పగలగడమే సేవకునికి నిజమైన జీతం.

చెదరినవారిని సమకూర్చడం

నెహెమ్యా ప్రార్థనలో ఇంకో మాట ఉంది. జనం దూరదేశాల్లో చెదరిపోయినా, తిరిగి సమకూర్చుతానని దేవుడు మోషేకు ఇచ్చిన వాగ్దానాన్ని ఆయన గుర్తుచేశాడు. చివరి అధ్యాయంలో ఆయనను కలవరపెట్టిన ఒక సంగతి కూడా ఉంది. సొంత ప్రజల పిల్లల్లో సగంమంది అష్డోదు మాట మాట్లాడుతున్నారు, తమ యూదుల భాష వాళ్లకు రావడం లేదు. భాష పోతే ప్రార్థన పోతుందనీ, పెద్దలు చెప్పిన కథలు పిల్లలకు అందవనీ ఆయనకు తెలుసు.

కృష్ణారావు గారు మంత్రిగా ఉన్నప్పుడు 1975 ఉగాది రోజున, ఏప్రిల్ 12న, హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు మొదలై 18 దాకా జరిగాయి. ఆ మహాసభల బరువు చాలావరకు ఆయన భుజాల మీదే నడిచింది. మలేషియా, మారిషస్ లాంటి దూరదేశాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు వచ్చారు. తోటల్లో కూలికని ఓడ ఎక్కి వెళ్లిపోయిన ముత్తాతల మనుమలు, మునిమనుమలు తమ భాష మాట్లాడే నేల మీద అడుగుపెట్టారు. తరువాత 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో ఈ మహాసభలు జరిగాయి. చెదరినవారిని సమకూర్చే పని ఎక్కడ జరిగినా అది దేవుని మనసుకు దగ్గర పని. మన పిల్లలు కూడా ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. వాళ్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక కీర్తన తెలుగులో కలిసి చదువుకుంటే, ఈ తరంలో మీరు కట్టే గోడ అదే.

ఇల్లు అనే మొదటి సంఘం

శత్రువులు దాడి చేస్తారని భయం పుట్టినప్పుడు నెహెమ్యా జనాన్ని కుటుంబాల ప్రకారం నిలబెట్టాడు. మీ సహోదరుల కోసం, కొడుకుల కోసం, కూతుళ్ల కోసం, భార్యల కోసం, ఇళ్ల కోసం నిలబడండని చెప్పాడు. పనివారు ఒక చేత పని చేస్తూ, రెండో చేత ఆయుధం పట్టుకున్నారు. ఆ ప్రజల్లో సైనికుడు, సేవకుడు, ఇంటి యజమాని వేర్వేరు మనుషులు కారు. ఒకే మనిషి ఈ మూడు పనులూ చేశాడు.

అలాంటి పెద్దలు మన పల్లెల్లోనూ ఉన్నారు. సైన్యంలో సరిహద్దున కాపలా కాసి, పింఛనుతో ఊరికి తిరిగి వచ్చి, ఆ తరువాత చిన్న సంఘానికి కాపరిగా నిలిచినవాళ్లు. తెల్లవారుజామున లేచే అలవాటు మానలేదు, ప్రార్థన మానలేదు, భార్య జబ్బున పడితే మంచం పక్కనుంచి కదలలేదు. వాళ్ల పేర్లు పత్రికల్లో రావు. కానీ సండే స్కూల్లో వాళ్ల దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లలు ఈనాడు పెద్దవాళ్లయి, పంటు మీద ఏటిమొగ దాటి ఎదురుమొండి దీవికి పాఠం చెప్పడానికి వెళ్తున్నారు.

ఒక మనిషి ఇంట్లో ఎలా మెలిగాడో బయటివాళ్లకు పూర్తిగా తెలియదు. పిల్లలు ఏది అందుకున్నారో చూస్తే కొంత తెలుస్తుంది. కృష్ణారావు గారి కుమారుడు మండలి బుద్ధప్రసాద్ గారు అదే అవనిగడ్డ నుంచి 1999, 2004, 2014, 2024 ఎన్నికల్లో గెలిచారు, మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేశారు. తెలుగు భాష కోసం తండ్రి పడిన ఆరాటమే కొడుకులోనూ కనిపిస్తుంది. అవనిగడ్డలో కృష్ణారావు గారు నెలకొల్పిన గాంధీ క్షేత్రం ఈనాటికీ ఉంది. ఇంట్లో తండ్రి పలికిన మాట, తండ్రి బతికిన బతుకు ఒక్కటైనప్పుడు, పిల్లలు దాన్ని తమదిగా చేసుకుంటారు.

సంఘాన్ని నడిపేవాడు ముందు తన ఇంటిని చక్కగా నడపాలని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో నేర్పుతాడు. డెబ్బై ఎనిమిదో కీర్తన ఒక తరం తరువాతి తరానికి దేవుని కార్యాలను చెప్పి తీరాలని గట్టిగా చెబుతుంది. బయట వందమంది దుఃఖాన్ని మోసి ఇంటికి వచ్చిన సేవకుడు, ఇంట్లో భార్య చెప్పే చిన్న మాట వినడానికి కూడా ఓపిక దాచుకోవాలి. ప్రభువు అప్పగించిన మొదటి మంద ఇంట్లోనే ఉంది. కాపరి పిల్లలు తండ్రిని పుల్‌పిట్ మీద మాత్రమే చూస్తే, సంఘానికి ఎంత మేలు జరిగినా ఆ ఇంటి గోడకు ఒక పగులు మిగిలిపోతుంది. దాన్ని పూడ్చుకోవడానికి ఏ వయసులోనైనా దేవుడు కృప ఇస్తాడు. ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.

జ్ఞాపకం చేసుకో, ప్రభువా

ఐదో అధ్యాయం చివర నెహెమ్యా ఒక చిన్న ప్రార్థన చేశాడు. ఈ ప్రజల కోసం తాను చేసినదాన్ని బట్టి తనకు మేలు కలిగేలా దేవుడు తనను తలచుకోవాలని అడిగాడు. ఆ ప్రార్థనను గర్వంగా చదవకండి. విగ్రహాలు అడగలేదు, గుమ్మానికి తన పేరు పెట్టమనలేదు. తన పనిని ఎవరు చూడాలో వారి ముందే పెట్టాడు. మనుషులు మరిచిపోయినా ఫర్వాలేదనుకునే ధైర్యం ఆ ప్రార్థనలో ఉంది.

మనుషులు కూడా కొందరిని మరిచిపోరు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. అక్కడి నుంచి పెనుమూడికి వేసిన వారధికి కృష్ణారావు గారి పేరు పెట్టారు. నాగాయలంక మండలం భావదేవరపల్లిలో చేపల పెంపకం నేర్పే ఫిషరీస్ పాలిటెక్నిక్‌కూ ఆయన పేరే ఉంది. ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న తీరంలో, నీటినే జీవనోపాధిగా చదువుకునే పిల్లలు ఇప్పుడు ఆయన పేరున్న గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు. ఆయనకు ఇంతకంటే తగిన స్మారకం వెతకడం కష్టం.

ఇక మన సంగతి. ఒక సేవకుణ్ణి తలచుకోవడమంటే, ఆయన సగంలో వదిలిన పనిలో మన ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని ఎత్తుకోవడం. సముద్రం ఇంకా అక్కడే ఉంది. మడ అడవి పలచబడిన చోట అల నేరుగా లోపలికి వస్తుంది. కరకట్టకు పడిన గండి తనంతట పూడదు. ఒంటరి ముసలమ్మ తనంతట షెల్టరు దాకా నడవలేదు. వీటిలో ఏదో ఒకటి మీ ఇంటికి ఎదురుగానే ఉంది. దాన్ని మీకంటే దగ్గరగా చూసేవారు వేరే లేరు.

ఈ రోజు ఆచరణ

మీ ఇంట్లో గానీ సంఘంలో గానీ ఉన్న ఒక పెద్దమనిషి పక్కన కూర్చోండి. ఉప్పెన నాడు ఎవరు మిమ్మల్ని కాపాడారు తాతయ్యా, ఎవరు అన్నం పెట్టారు అమ్మమ్మా అని అడగండి. చెప్పిన పేర్లు రాసుకోండి. నెహెమ్యా మూడో అధ్యాయం లాగా ఆ పట్టికను మీ కుటుంబ బైబిల్లో పెట్టుకోండి.

మీ ఊరి తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఈ రోజే తెలుసుకోండి. నడవలేని వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు మీ వీధిలో ఎవరెవరో, హెచ్చరిక వచ్చిన రాత్రి వాళ్లను ఎవరు తీసుకెళ్లాలో సంఘ యువకులు కూర్చొని మాట్లాడుకోవాలి. ఈ పనిలో పక్కింటివాళ్లు ఏ దేవుణ్ణి కొలుస్తారని అడగకండి. వాళ్లను కూడా పిలవండి.

ఊరికి సేవ చేసే హడావుడిలో మీ ఇంట్లో ఎవరికైనా లోటు జరిగితే, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు వాళ్ల చెయ్యి పట్టుకొని మాట్లాడండి.

ప్రార్థన

మా తండ్రీ, నీరు మా ఇళ్లను ముంచిన రోజున నీవు మమ్మల్ని విడువలేదని ఒప్పుకుంటున్నాం. ఆ రోజు మేము పోగొట్టుకున్నవారిని నీ చేతికి అప్పగిస్తున్నాం. వారిలో ఒక్క పేరును కూడా నీవు మరువలేదని నమ్ముతున్నాం. మా దివిసీమ కోసం నీవు లేపిన సేవకుల కోసం, ముఖ్యంగా మండలి వెంకట కృష్ణారావు గారి జీవితం కోసం నీకు కృతజ్ఞతలు. ఆయన కుటుంబాన్ని దీవించు. సైన్యంలో కాపలా కాసినవారిని, సంఘాల్లో మందను కాసిన ముసలి కాపరులను బలపరచు. వారి భార్యాపిల్లలు మోసిన భారాన్ని జ్ఞాపకం చేసుకో. అధికారం ఉన్నవారికి నీ భయాన్ని, చేయి చాచినవారి మీద జాలిని ఇవ్వు. మా ఇంటికి ఎదురుగా ఉన్న గోడను మాకు చూపించు, దాన్ని కట్టేదాకా మా చేతులు అలసిపోకుండా బలపరచు. మా పిల్లలు మమ్మల్ని తలచుకునే రోజున, మేము నీకూ, మా ఇంటికీ, మా ఊరికీ నమ్మకంగా ఉన్నామని చెప్పగలిగేలా ఈ రోజు మమ్మల్ని నడిపించు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.